డయాలసిస్ ఇంటికి ఎప్పుడు దూరమైంది?

కిడ్నీలు పాడైనప్పుడు వాటి బదులు రక్తాన్ని శుభ్రం చేసే వైద్యం డయాలసిస్. దాని మీద బతికే పేషెంటుకు వారంలో మూడు రోజులు మిషన్‌కే పోతాయి. ఒక్కో విడతకు నాలుగు గంటలు. అదైనా మిషన్ లెక్కే. తెల్లవారుజామున లేచి బయల్దేరడం, వంతు కోసం కూర్చోవడం, సూదులు తీశాక రక్తం ఆగేదాకా దూదితో చెయ్యి నొక్కి పట్టుకోవడం, బీపీ పడిపోయి కళ్లు తిరిగితే కాసేపు ఒరిగి మళ్లీ ప్రయాణం కట్టడం... ఇవేవీ కేస్ షీట్‌లో కనిపించవు. సెంటర్ దూరంగా ఉంటే నాలుగు గంటల వైద్యానికి రోజంతా పోతుంది, తోడొచ్చిన మనిషి రోజుతో సహా.

అందుకే ఈ వైద్యం ఇంటికి దగ్గర కావాలని పేషెంట్లు అడుగుతున్నారు. చాలామంది దీన్ని కొత్త కోరిక అనుకుంటారు. కానీ దీర్ఘకాలం ప్రాణం నిలిపే వైద్యంగా మారిన నాలుగైదేళ్లకే డయాలసిస్ ఇళ్లలోకి వెళ్లింది. దూరమవడం ఆ తర్వాతి కథ.

మొదటి మిషన్ యుద్ధకాలంలో పుట్టింది. 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లోని కాంపెన్ ఊళ్లో, విలెం కాల్ఫ్ అనే డాక్టరు సాసేజ్‌లకు వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని డ్రమ్ముకు చుట్టి, అందులో పేషెంటు రక్తం పారిస్తూ, లవణాలు కలిపిన నీటి తొట్టిలో తిప్పాడు. మొదట వైద్యం చేసినవారిలో దాదాపు అందరూ చనిపోయారు. 1945లో 67 ఏళ్ల ఒకావిడ కోమాలోంచి బయటపడింది. అయితే అది కొద్దిరోజుల గండం గట్టెక్కించే పరికరమే. ప్రతిసారీ కొత్తగా రక్తనాళం కోయాలి. కోయడానికి చోటు అయిపోతే వైద్యమూ అయిపోయినట్టే.

ఆ అడ్డు 1960లో సియాటిల్‌లో తొలగింది. బెల్డింగ్ స్క్రిబ్నర్ బృందం ముంజేతిలో ఎప్పటికీ ఉండిపోయే టెఫ్లాన్ గొట్టం అమర్చింది. దాన్ని మొదట పెట్టించుకున్న మనిషి పదేళ్లకు పైగా బతికాడు. 1966లో ధమనినీ సిరనూ కలిపి కుట్టే ఫిస్టులా వచ్చింది. ఇప్పటికీ పేషెంట్లు పొద్దున లేవగానే మణికట్టు దగ్గర వేలు పెట్టి, ఆ జుమ్ముమనే కదలిక ఉందో లేదో చూసుకుంటారు. అది ఆగితే టెన్షనే.

వైద్యం దొరికింది, మంచాలు దొరకలేదు. 1962లో సియాటిల్‌లో తెరిచిన సెంటర్‌లో ఉన్నవి కొన్నే పడకలు. ఎవరికి ఇవ్వాలో ఒక కమిటీ తేల్చేది. అందులో లాయరు, మతగురువు, బ్యాంకరు, గృహిణి లాంటివాళ్లు ఉన్నారు. పెళ్లయిందా, పిల్లలెందరు, ఉద్యోగమేమిటి అని చూసి ప్రాణాలు పంచాల్సి వచ్చింది. వైద్య చరిత్రలో ఇంత బరువైన పేజీలు తక్కువ.

1964లో బడికెళ్లే ఒక అమ్మాయికి అక్కడ చోటు దొరకలేదు. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో న్యూక్లియర్ ఇంజనీరింగ్ చెప్పే లెస్ బాబ్, తన బృందంతో కొద్ది నెలల్లోనే ఇంట్లో పెట్టుకోదగ్గ మిషన్ తయారుచేశాడు. ఆ అమ్మాయికి ఇంట్లోనే డయాలసిస్ మొదలైంది. అదే కాలంలో బోస్టన్‌లో, లండన్‌లో కూడా పేషెంట్లు ఇళ్లకు మిషన్లు తీసుకెళ్లారు. సౌకర్యం కోసం కాదు, ఆసుపత్రిలో చోటు లేక.

1970ల తొలినాళ్లకు అమెరికాలో సుమారు 40 శాతం మంది ఇంట్లోనే డయాలసిస్ చేసుకుంటున్నారు. 1972లో కొత్త చట్టం వచ్చింది. 1973 నుంచి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఖర్చు భరించడంతో, డబ్బు లేదని చనిపోయే గతి చాలామందికి తప్పింది. అది చాలా గొప్ప మేలు. కానీ ఆ చెల్లింపుల పద్ధతి ఇంటికన్నా సెంటర్‌కు అనుకూలంగా ఉండటంతో ఊళ్లలో సెంటర్లు పెరిగాయి, ఇంటి డయాలసిస్ వాటా పడిపోయింది. దీన్ని సరిచేయడానికి 1978లో చట్టం మార్చినా పాత స్థాయి తిరిగి రాలేదు. నా దృష్టిలో అసలు మలుపు ఇక్కడే ఉంది. దూరాన్ని పెంచింది మిషన్ ఒక్కటే కాదు, బిల్లు ఎవరికి ఎలా చెల్లించాలన్న నిర్ణయం కూడా.

మిషన్ వైపు ఇబ్బంది మాత్రం నీళ్లతో. ఒక్క విడతకు సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. నీళ్లలోని అల్యూమినియం మెదడును దెబ్బతీస్తుందని 1970ల్లో బయటపడింది. ఆర్వో ప్లాంటు, కరెంటు, నేర్పున్న టెక్నీషియన్ లేకుండా నాలుగు మిషన్లు తెచ్చి ఊరి ఆసుపత్రిలో పెడితే సెంటర్ అయిపోదు.

ఆ మిషనే అక్కర్లేని దారి 1976లో టెక్సస్‌లో పొపోవిచ్, మాన్‌క్రీఫ్ చూపించారు. కడుపులోకి ద్రవం ఎక్కించి, అక్కడి పొరనే జల్లెడగా వాడే పెరిటోనియల్ డయాలసిస్‌ను పేషెంటు రోజూ తానే చేసుకునే పద్ధతి అది. టొరంటోలో డాక్టర్లు సీసాల బదులు ప్లాస్టిక్ సంచులు తెచ్చాక మరింత తేలికైంది. చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, మాస్కు కట్టుకోవాలి, పాత ద్రవం దించి కొత్త సంచి ఎక్కించాలి. అరగంట పని, రోజుకు నాలుగుసార్లు. దిగిన ద్రవం తేటగా ఉంటే హాయి. మబ్బుగా కనిపిస్తే ఇన్ఫెక్షన్ అనుమానం, వెంటనే ఫోన్ చేయాల్సిందే.

హాంకాంగ్ 1985 నుంచీ మొదట ఇదే ఇవ్వాలన్న విధానం పెట్టుకుంది. థాయిలాండ్ 2008లో అదే బాట పట్టి, 2022లో ఎంపికను పేషెంట్లకే వదిలింది. ఇల్లు దగ్గరే, కానీ ఇంట్లో చూసేవాళ్లు లేకపోతే? చేతులు వణికే వృద్ధురాలు సంచి ఎలా మారుస్తుంది? ఫ్రాన్స్‌లో ఈ పనికి నర్సులు ఇళ్లకు వెళ్తారు. ఆ నర్సుకిచ్చే డబ్బును కూడా వైద్యం ఖర్చులోనే లెక్కగడతారు.