రోబోలో మనిషి ఎక్కడ కూర్చోవాలి?

జపాన్‌లోని యొకొహామా రేవులో 2020 డిసెంబరు నుంచి 2024 మార్చి దాకా ఒక గండమ్ నిలబడి ఉండేది. లోపల పైలటు కూర్చుని నడిపే భారీ రోబో అది, అక్కడి ఒక టీవీ సీరియల్లోది. ఎత్తు 18 మీటర్లు, బరువు 25 టన్నులు. చేతులు చాచేది, అడుగు ముందుకేసేది, ఒంటి మోకాలి మీద కూర్చునేది. చూడవచ్చినవాళ్లు దాని ముఖం కేసి ఫోన్లు ఎత్తేవాళ్లు గానీ అసలు కిటుకు నడుము వెనక ఉంది. ఒక ఉక్కు బండి దాన్ని అక్కడ పట్టుకుని ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ మోసేది. పాదాలు నేలను తాకినట్టే ఉండేవి, ఒంటి బరువు మాత్రం వాటి మీద పడేది కాదు. (జపనీయులు పలికినట్టే రాస్తే ఆ పేరు ‘గండము’. మన చెవికి భలే కుదిరింది.)

ఆ బండి ఎందుకు కావలసి వచ్చిందో 1638లోనే గెలీలియో చెప్పాడు. 1.7 మీటర్ల మనిషిని 18 మీటర్లకు సాగదీస్తే ఎత్తు 10.6 రెట్లవుతుంది. ఎముక అడ్డకోత 112 రెట్లు పెరుగుతుంది. బరువు మాత్రం దాదాపు 1,190 రెట్లకు పోతుంది. అంటే ఎముకలో ప్రతి చదరపు సెంటీమీటరూ మునుపటికి 10.6 రెట్ల భారం మోయాలి. 65 కిలోల మనిషి 77 టన్నులవుతాడు. 1979 నాటి టీవీ సీరియల్లో గండమ్ ఉత్త బరువు 43.4 టన్నులని, సరంజామా అంతా ఎక్కిస్తే 60 టన్నులని రాసుకున్నారు. 77 టన్నుల నీళ్లు పట్టేంత ఒళ్లుండి 43 టన్నులే తూగితే ఆ యంత్రం టేకు దుంగలా నీళ్ల మీద తేలాలి. కవచం, ఇంజను కలుపుకునే ఈ మాట.

అసలు కష్టం మోకాలి దగ్గర. కాస్త వంగి నిలబడినప్పుడు మోకాలు ఒంటి భారరేఖకు రెండు మీటర్లు ముందుకొచ్చిందనుకుందాం. 60 టన్నులూ ఆ ఒక్క కాలి మీదే ఉంటే కీలు మీద పడే మెలి 120 టన్ను-మీటర్లు. దాన్ని ఆపడానికి కీలు నుంచి అర మీటరు దూరంలో హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో నెట్టే) సిలిండరు పెడితే అది 240 టన్నుల బలంతో నెట్టాలి. పొక్లెయిన్లలో వాడే 350 బార్ (మన చుట్టూ గాలి ఒత్తిడికి సుమారు 350 రెట్లు) పీడనం వద్ద అందుకు 30 సెంటీమీటర్ల వ్యాసమున్న పిస్టను సరిపోతుంది. పెద్ద గనుల యంత్రాలు చూసినవాళ్లకు ఇదేమీ వింత కాదు. నిలబడటం వరకు పర్వాలేదన్నమాట.

పరిగెత్తమంటేనే చిక్కు. అర సెకనులో మోకాలు 60 డిగ్రీలు తిరగాలంటే ఆ పిస్టను సెకనుకు మీటరు చొప్పున కదలాలి. అంటే నిమిషానికి దాదాపు 4,000 లీటర్ల నూనె కావాలి. 20 టన్నుల పొక్లెయిన్‌లో పంపులన్నీ కలిసి ఇచ్చేది నిమిషానికి 400 లీటర్లకు అటూ ఇటూగా. ఒక్క మోకాలికే పది పొక్లెయిన్ల పంపులు, 3,000 హార్స్‌పవర్ పైగా శక్తి. అమెరికా ఎం1 ట్యాంకు ఇంజను 1,500 హార్స్‌పవర్. పైగా వాల్వుల్లో ఇరుక్కుని పారిన నూనె వేడెక్కుతుంది. ఆ వేడిని ఎక్కడో ఒకచోట వదలాలి. 1984లో వచ్చిన బ్యాటిల్‌టెక్ అనే బల్ల మీద ఆట ఈ బాధనే ఆటగా మార్చుకుంది. అందులో 20 నుంచి 100 టన్నుల యంత్రాలుంటాయి. పేల్చిన ప్రతి ఆయుధానికీ వేడి లెక్క కట్టాలి, హద్దు దాటితే యంత్రం దానంతటదే ఆగిపోతుంది. ఈ ఇంజనీరింగు తలనొప్పిని అంత నిజాయితీగా వాడుకున్న కల్పన మరొకటి కనిపించదు.

పాదం సంగతి కూడా చూడాలి. మనిషి పాదాన్ని అదే లెక్కన పెంచితే రెండున్నర చదరపు మీటర్లకు కాస్త పైన. ఒంటికాలి మీద నిలబడితే చదరపు మీటరుకు 23 టన్నులు పడతాయి. ట్యాంకు గొలుసుల కింద సుమారు పది టన్నులే. కోతల వేళ తడి ఆరని వరి మడిలో టైరు హార్వెస్టరు దిగబడిపోతుంటే చైను హార్వెస్టరు ఎలా నడుస్తుందో చూసినవాళ్లకు ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇంత బరువు పడిపోతే లోపలి మనిషి గతేమిటి? ఈ జాతి కథల చరిత్ర నిజానికి ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. 1898లో హెచ్.జి. వెల్స్ తన నవలలో అంగారకవాసుల్ని మూడుకాళ్ల యంత్రాల పైకొసన, తల ఉండాల్సిన చోట కూర్చోబెట్టాడు. 1956లో యొకొయామా మిత్సుతేరు గీసిన బొమ్మల కథ తెత్సుజిన్ 28లో లోపల ఎవరూ లేరు. కుర్రాడు బయట నిలబడి రిమోటుతో నడుపుతాడు. ఆ పెట్టె ఎవరి చేతికి చిక్కితే రోబో వాళ్లదే. కథకు అది మంచి మలుపే గానీ హీరో ఒంటికి మాత్రం మట్టి అంటదు. 1972లో నగాయ్ గో రాసిన మజింగర్ జెడ్ ఆ లోటు తీర్చింది. చిన్న ఎగిరే వాహనం వచ్చి 18 మీటర్ల రోబో నడినెత్తిన దిగుతుంది, కుర్రాడు అందులోంచే నడుపుతాడు. ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయినప్పుడు, కారుకు కాళ్లొస్తే ముందున్నవాటిని దాటుకుపోవచ్చు కదా అనిపించి ఈ ఆలోచన పుట్టిందని నగాయ్ చెప్పుకున్నాడు.

చూపుకు తల మంచి చోటే, పడిపోతే అంత చెడ్డ చోటు మరొకటి లేదు. నిలువు స్తంభంలా ముందుకు కూలితే 17 మీటర్ల ఎత్తున ఉన్న తల గంటకు 78 కిలోమీటర్ల వేగంతో నేలకు కొట్టుకుంటుంది. అర మీటరు దూరంలో ఆ వేగం ఆగితే 48 జీ, అంటే ఒంటి బరువుకు 48 రెట్ల దెబ్బ. అదే మనిషి పొట్ట దగ్గర, పదిన్నర మీటర్ల ఎత్తున ఉంటే వేగం 48 కిలోమీటర్లు, దెబ్బ 18 జీ. యుద్ధవిమానపు ఎజెక్షన్ సీటు తన్నే తన్ను కూడా ఇంచుమించు ఆ లెక్కలోనే ఉంటుంది, వెన్నుపూస చిట్లినా మనిషి బతుకుతాడు. 1979లో తొమినో యొషియుకి దర్శకత్వంలో వచ్చిన గండమ్‌లో పైలటు సీటు పొట్టలోకి దిగింది. నడకలో అన్నిటికన్నా తక్కువ ఊగేది కూడా అక్కడే.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది: ఒక పెద్ద అబద్ధం ఆడాలి, దాన్ని నిలబెట్టడానికి వెయ్యి చిన్న నిజాలు పోగెయ్యాలి. గండమ్ ఆడిన అబద్ధం మినోవ్‌స్కీ కణాలు. అవి గాలిలో పరుచుకుంటే రాడారు పనిచెయ్యదు, దూరపు క్షిపణులు గుడ్డివైపోతాయి. అప్పుడే కంటికి కనిపించేంత దగ్గరకొచ్చి కత్తులు దూసుకోవడానికి అర్థం ఉంటుంది. అంతరిక్షంలో కాళ్లెందుకన్న ప్రశ్నకూ తర్వాత జవాబు కుదుర్చుకున్నారు: చేతులూ కాళ్లూ విసిరితే ఇంధనం కాల్చకుండానే ఒళ్లు తిప్పుకోవచ్చట. పిల్లి గాల్లో తిరిగి కాళ్ల మీద పడేది ఇదే సూత్రంతో. ఈ రెండోది అబద్ధం కాదు, అచ్చమైన భౌతికశాస్త్రం.

ఇంత చేసినా అప్పట్లో ఆ సీరియల్ ఆడలేదు. 52 భాగాలనుకున్నది 43కే ముగించారు. 1980 జూలైలో బండాయ్ కంపెనీ 300 యెన్లకు ప్లాస్టిక్ కిట్ వదిలాకే జాతకం తిరిగింది. 1/144 కొలతలో చేసిన ఆ బొమ్మ పన్నెండున్నర సెంటీమీటర్లు.

నాకు మాత్రం 1983 నాటి టీవీ సీరియల్ వోటమ్స్ ఎక్కువ నచ్చుతుంది. అందులోని స్కోప్‌డాగ్ అనే రోబో 3.8 మీటర్లే, పైలటు పొట్టలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటాడు. పరిగెత్తడం అసాధ్యమని ముందే ఒప్పుకున్నట్టు పాదాల కింద చక్రాలు పెట్టారు. మలుపు తిరగాలంటే కాలి పక్కనుంచి ఒక మేకు నేలలో దిగుతుంది, దాని చుట్టూ గిర్రున తిరుగుతుంది. కండరాల్లో పారే ద్రవం వాడేకొద్దీ పాడవుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఒక్క తూటా సరైన చోట తగిలితే చాలు, లోపలి మనిషి బూడిదే. ఆ సైన్యానికి యంత్రమూ పైలటూ ఇద్దరూ వాడి పారేసే సరుకే. 1988 నాటి పాట్‌లేబర్ కథ ఇంకో దారిలో ఆలోచించింది. అందులోని పోలీసు రోబో ఎత్తు 8 మీటర్లు, పనిచోటికి నడిచి వెళ్లదు. ట్రెయిలరు మీద పడుకోబెట్టి తెస్తారు, అక్కడ పలకతో సహా లేపి నిలబెడతారు. ఊళ్లో పొక్లెయిన్‌ను లారీ మీద తెస్తారే, అలాగే.

ఇందుకు పూర్తిగా ఎదురు దారిలో పోయింది 2013 నాటి హాలీవుడ్ సినిమా పసిఫిక్ రిమ్. రోబో 79 మీటర్లు, ఇద్దరు పైలట్లు, ఇద్దరూ మళ్లీ తలలోనే! బరువు 1,980 టన్నులట. మనిషిని ఆ ఎత్తుకు పెంచితే 6,500 టన్నులు దాటాలి. చేపల వలకు కట్టే బెండులా సముద్రంలో తేలిపోవలసిన యంత్రం అడుగున కాళ్లాన్చి రాకాసితో కుస్తీ పట్టింది. అయితే ఒక లెక్క మాత్రం పద్ధతిగా వచ్చింది, దాని నడక. ఎత్తు పెరిగేకొద్దీ సహజమైన అడుగు ఆ ఎత్తుకు వర్గమూలాన్ని బట్టి నెమ్మదిస్తుంది. మనం అర సెకనుకు వేసే అడుగు 18 మీటర్ల రోబోకు 1.6 సెకన్లు, 79 మీటర్ల దానికి దాదాపు మూడున్నర సెకన్లు. నమూనా బొమ్మల్ని షూట్ చేసే కెమెరామన్లకు ఈ సూత్రం పాతదే. పదో వంతు బొమ్మను సెకనుకు 24 ఫ్రేములతో కాక 76 ఫ్రేములతో తీస్తారు, తెర మీద అది బరువుగా కూలుతుంది. తెర మీది రోబో చురుగ్గా గెంతితే చాలు, కన్ను వెంటనే దాన్ని బొమ్మగా పట్టేస్తుంది.

నిజం యంత్రాల్లో లోపలి మనిషిని నిజంగా కష్టపెట్టినది జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1960లలో అమెరికా సైన్యానికి చేసిన నాలుగుకాళ్ల నడిచే ట్రక్కు. ర్యాల్ఫ్ మోషర్ తయారుచేసిన ఆ యంత్రంలో ముందుకాళ్లు డ్రైవరు చేతులకు, వెనకకాళ్లు అతని కాళ్లకు ముడిపడి ఉండేవి. యంత్రం కాలికి అడ్డు తగిలితే ఆ ఒత్తిడి అతని చేతికీ తెలిసేది. అదే దాని గొప్ప, అదే దాని జబ్బు. నాలుగు కాళ్లనూ వేర్వేరుగా మనసులో పెట్టుకుని నడపలేక డ్రైవరు కాసేపటికే అలిసిపోయేవాడు. దానికి బ్యాలెన్సు చూసుకునే కంప్యూటరు లేదు. ఆ పని కూడా అతనే చెయ్యాలి.

2023లో జపాన్‌లో త్సుబామె ఇండస్ట్రీస్ అమ్మకానికి పెట్టిన ఆర్కాక్స్ ఎత్తు 4.5 మీటర్లు, బరువు 3.5 టన్నులు. పైలటు ఛాతీలో కూర్చుని కెమెరాలు చూపే తెరల మీద బయటి లోకాన్ని చూస్తాడు. వేళ్లు సహా చేతులు కదులుతాయి. గరిష్ఠ వేగం గంటకు 10 కిలోమీటర్లు, అదీ కాళ్లతో కాదు. వాటి చివర నాలుగు చక్రాలున్నాయి.