ట్రెమోలో టిక్‌టిక్, గ్రౌండ్ వైర్లు: అపోహలు - వాస్తవాలు

ట్యూబ్ గిటార్ ఆంప్‌లో ట్రెమోలో (శబ్దాన్ని అలలా పెంచుతూ తగ్గించే ఎఫెక్ట్) ఆన్ చేయగానే వెనకాల టిక్, టిక్ అని వినిపిస్తే అందరూ ముందు ట్యూబ్‌నే అనుమానిస్తారు. ఆంప్‌లు బాగుచేసే పనిలో ఉన్న నేను మాత్రం గ్రౌండ్ వైర్లు ఎక్కడ సోల్డర్ అయ్యాయో ముందు చూస్తాను.

అపోహ: గ్రౌండ్ అంటే సున్నా వోల్టులే కదా, ఛాసిస్‌లో (ఆంప్ లోహపు పెట్టెలో) ఎక్కడ కలిపినా ఒకటే.

వాస్తవం: ప్రతి వైరుకూ, ప్రతి జాయింటుకూ కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. ట్రెమోలో ఆసిలేటర్ (ఆ అలను పుట్టించే సర్క్యూట్) సెకనుకు సుమారు 3 నుంచి 10 సార్లు ఊగుతుంది. ఊగినప్పుడల్లా దాని కరెంటు 1 మిల్లీఆంప్ మారి, 0.1 ఓం ఉన్న గ్రౌండ్ దారిలో పోయిందనుకోండి. అక్కడ 0.1 మిల్లీవోల్టు పుడుతుంది. చాలా చిన్నదే. కానీ ఇన్‌పుట్ దశ (గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) కూడా అదే దారిని వాడుకుంటుంటే, అక్కడి 12ఏఎక్స్7 ట్యూబ్ దాన్ని 50 రెట్లకు పైగా పెంచుతుంది. ఆ తర్వాతి దశలు ఇంకా పెంచుతాయి. అందుకే ఆసిలేటర్ గ్రౌండ్‌ను దానికి కరెంటిచ్చే ఫిల్టర్ కెపాసిటర్ (సప్లైని నిలకడగా ఉంచే భాగం) నెగెటివ్ దగ్గరికే తీసుకెళ్లాలి. ఇన్‌పుట్ దశ గ్రౌండ్ దాని కెపాసిటర్ దగ్గరికే వెళ్లాలి.

అపోహ: ఆప్టో (కాంతితో పనిచేసే) ట్రెమోలోలో దీపానికీ ఎల్‌డీఆర్‌కూ (కాంతిని బట్టి రెసిస్టెన్స్ మారే భాగానికీ) మధ్య ఉన్నది కాంతి ఒక్కటే, గ్రౌండ్‌తో పనిలేదు.

వాస్తవం: నాకు ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. 1960ల నాటి ఫెండర్ డీలక్స్ రివర్బ్, ట్విన్ రివర్బ్‌లలో ఎల్‌డీఆర్ ఆడియో సిగ్నల్‌ను గ్రౌండ్‌కు లాగుతుంది. అంటే దాని గ్రౌండ్ కాలు ఆడియో వైపుది. నియాన్ దీపం ఆసిలేటర్ వైపుది. పైగా నియాన్ మెల్లగా వెలగదు, ఠక్కున వెలిగి ఠక్కున ఆరుతుంది. మనకు వినిపించే టిక్ చాలాసార్లు ఆ కుదుపే. రెండు వైపులకూ ఒకే గ్రౌండ్ వైరు వేస్తే, కాంతితో వేరుచేసినదాన్ని మళ్లీ మనమే కలిపినట్టు!

అపోహ: ఫుట్‌స్విచ్ గ్రౌండ్ అయితే ట్రెమోలో ఆగుతుంది.

వాస్తవం: సర్క్యూట్‌ను బట్టి ఉంటుంది. ఫెండర్ ఏబీ763 సర్క్యూట్‌లో గ్రౌండ్ చేస్తేనే ట్రెమోలో నడుస్తుంది. ఫుట్‌స్విచ్ పెట్టకుండా చూసి, ఆసిలేటర్ పాడైందని విప్పేయకండి.

అపోహ: మెయిన్స్ ఎర్త్ పిన్ తీసేస్తే శబ్దం పోతుంది.

వాస్తవం: దయచేసి ఎప్పుడూ చేయకండి. ఆ ఎర్త్ ప్రాణరక్షణ కోసం. అది లేనప్పుడు లోపల ఏ వైరో ఊడి ఛాసిస్‌కు తగిలితే కరెంటు గిటార్ తీగల మీదుగా వాయించేవాళ్ల చేతికి వస్తుంది. లోపలి గ్రౌండ్ గజిబిజికి పిన్ తీసేయడం మందు కాదు.

టిక్ ఎక్కడిదో తేల్చడానికి ఇంటెన్సిటీ నాబ్‌ను (ట్రెమోలో ఎంత బలంగా వినిపించాలో మార్చేది) సున్నాకు తిప్పండి. ఆసిలేటర్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. అప్పుడూ టిక్ వినిపిస్తే అది వైర్ల అమరిక, గ్రౌండ్, సప్లై, వీటిలో ఒకదాని నుంచి కారుతోంది. పొడి చెక్క పుల్లతో ట్రెమోలో వైర్లను జరిపి చూడండి. శబ్దం మారితే అమరికను సరిచేయండి, మారకపోతే గ్రౌండ్ జాయింట్లను మళ్లీ సోల్డర్ చేయండి. సోల్డరింగ్ ఐరన్ పట్టేముందు ప్లగ్ తీసి, ఫిల్టర్ కెపాసిటర్లను రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్‌తో కొలవండి. స్విచ్ ఆపాక కూడా వాటిలో 400 వోల్టులు నిలిచి ఉండవచ్చు.