టోల్‌గేటు పక్కింటి గర్భిణి

రోడ్డు పొగ కడుపులోని బిడ్డకు చేటు అంటే కాదనేవారు ఉండరు. రుజువు చేయమంటేనే చిక్కు. రద్దీ రోడ్ల పక్కన అద్దెలు తక్కువ, అద్దె తక్కువైన చోట చేరేది డబ్బు తక్కువైనవాళ్ళే. అక్కడ బిడ్డలు బరువు తక్కువగా పుడితే తప్పు పొగదా, చాలీచాలని తిండిదా, నెలలు నిండుతున్నా పనికి వెళ్ళక తప్పని బతుకుదా?

ఈ ముడి విప్పిన పరిశోధనల్లో నాకు బాగా నచ్చినది ఇద్దరు ఆర్థికవేత్తలది. జేనెట్ కరీ, రీడ్ వాకర్ 2011లో ప్రచురించారు. అమెరికాలోని న్యూజెర్సీ, పెన్సిల్వేనియా టోల్‌ప్లాజాలకు ఈ-జడ్‌పాస్ వచ్చింది. మన ఫాస్టాగ్ లాంటిదే, దానికంటే చాలా ముందుది. అంతవరకు ఇంజన్ ఆపకుండా వరుసలో నిలబడి, చిల్లర ఇచ్చి, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కిన బండ్లు ఇక ఆగకుండా సాగిపోయాయి. ప్లాజాకు 2 కిలోమీటర్లలోపు ఉన్న తల్లులను, రద్దీ రహదారుల పక్కనే ఉన్నా ప్లాజాకు 2 నుంచి 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న తల్లులతో పోల్చారు. రోడ్డు పక్క బతుకు ఇద్దరిదీ, మారిన గేటు మాత్రం ఒకరిదే. దగ్గరివాళ్ళలో 37 వారాలు నిండకుండా పుట్టడం 10.8 శాతం, 2,500 గ్రాములకన్నా తక్కువ బరువుతో పుట్టడం 11.8 శాతం తగ్గాయి. అంటే నూటికి పదిమంది నెలలు నిండకుండా పుట్టే చోట ఆ సంఖ్య తొమ్మిదికి దిగినట్టు. వాహనాల వరుస తగ్గించడానికి పెట్టిన యంత్రం కాన్పుల లెక్క మార్చింది!

డబ్బున్నవాళ్ళు వచ్చి చేరారేమోనని కూడా చూశారు. తల్లుల వివరాల్లో వెంటనే వచ్చిన మార్పు లేదు. ఇళ్ళ ధరలూ కదల్లేదు. గాలి బాగుపడిన సంగతి ఇళ్ళ బేరగాళ్ళకే తెలియలేదన్నమాట.

పొగ బిడ్డను చేరే దారులు చాలా ఉన్నాయి. నేను వివరంగా చెప్పేది ఒక్క కార్బన్ మోనాక్సైడ్ గురించే. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను నాలుగు సీట్ల బండి అనుకోండి. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకునే ప్రయాణికుడు ఈ వాయువు. సీటు పట్టడంలో ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టివాడు. ఆక్సిజన్ తన ఊరు రాగానే దిగిపోతుంది, వీడు గంటల తరబడి దిగడు. అంతటితో పోతే సరే. వీడు కూర్చున్నాక మిగతా సీట్లలోని ఆక్సిజన్ కూడా సీటును గట్టిగా పట్టుకుంటుంది, దిగాల్సిన చోట దిగదు. బండి నిండుగానే వెళుతుంది, కణజాలానికి మాత్రం అందేది తక్కువ. పెద్దవాళ్ళ ధమనుల్లో ఆక్సిజన్ పీడనం 95 మిల్లీమీటర్ల పాదరసం దరిదాపుల్లో ఉంటే, మాయ నుంచి బిడ్డకు వెళ్ళే బొడ్డుతాడు సిరలో 30 చుట్టూ మాత్రమే. ఆ కొద్దిపాటి సరఫరాలోనే కోత పడుతుంది. పైగా ఈ వాయువు బిడ్డ రక్తంలోకి నెమ్మదిగా చేరినా చివరకు తల్లి రక్తాన్ని మించుతుంది, వదలడమూ ఆలస్యమే.

మసి సంగతీ తేలింది. బెల్జియంలో 2019లో పరీక్షించిన మాయల్లో బిడ్డ వైపు కూడా నల్లని కార్బన్ రేణువులు కనిపించాయి. గ్రహణం పట్టినప్పుడు గర్భిణిని గదిలో పెట్టి తలుపులు బిగించే మనం, అదే గది కిటికీ బయట రోజంతా ఆగి ఉండే లారీల గురించి ఒక్క మాట అనం. చంద్రుడి నీడకంటే డీజిల్ మసికి భయపడి ఉంటే బాగుండేది.

ఇలాంటి లెక్క ఇక్కడా తీయవచ్చు కదా? 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది, గేట్లు ఎక్కడున్నాయో తెలుసు. అయితే ఆ వెంటనే కోవిడ్ రెండో అల వచ్చి ఆ ఏడాది లెక్కలను కలిపేసింది. అంతకంటే పెద్ద చిక్కు మన ఆచారం. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళుతుంది. టోల్‌గేటు పక్కన అత్తారింట్లో ఆరేడు నెలలు పొగ పీల్చి, చెరువు గట్టు పల్లెలో ప్రసవిస్తే, పుట్టిన ఊరి చిరునామా చూసి లెక్క కట్టేవాడికి అది శుభ్రమైన గాలిలో జరిగిన కాన్పే. కాబట్టి మొదలుపెట్టాల్సింది జనన ధ్రువపత్రంతో కాదు, తొలి నెలల్లోనే ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి పేరు నమోదు చేసుకునే రిజిస్టరుతో.