స్టేషన్ నుంచి క్లాస్‌రూమ్‌కి: పోలీసు ప్రొఫెసర్ల వెనకున్న వందేళ్ల కథ

రిటైరైన పోలీసు అధికారి కాలేజీలో క్రిమినల్ జస్టిస్ (పోలీసులు, కోర్టులు, జైళ్ల వ్యవస్థ గురించిన చదువు) పాఠాలు చెప్పడం అమెరికాలో మామూలే. కానీ పర్మనెంట్ ప్రొఫెసర్ పోస్టు దగ్గరికొచ్చేసరికి, సర్వీసు ఎంతున్నా ‘పీహెచ్‌డీ ఉందా?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. లేనివాళ్లు చాలామంది కోర్సుకి ఇంత అని ఇచ్చే పార్ట్‌టైమ్ పనితో సరిపెట్టుకుంటారు. చిత్రమేమిటంటే, ఈ చదువుకి పునాది వేసింది డిగ్రీ లేని ఓ పోలీసు.

ఆయన ఆగస్ట్ వోల్మర్, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పోస్ట్‌మన్. 1904లో ఉత్తరాలు పంచుతుండగా, పట్టుతప్పిన ఓ గూడ్సు బండి పెట్టె ప్రయాణికుల రైలు వైపు దొర్లుకుంటూ పోవడం చూశాడు. పరుగెత్తి దానిమీదికి ఎక్కి, బ్రేకు వేసి ఆపాడు. ఊళ్లో పేరు మోగిపోయింది. మరుసటి ఏడాదే టౌన్ మార్షల్‌గా, అంటే ఊరి పోలీసు పెద్దగా, ఎన్నికల్లో గెలిచాడు. 1908లో తన సిబ్బంది కోసం పోలీసు బడి పెట్టాడు. నిందితుణ్ణి కొట్టి ఒప్పించడానికి ఆయన బద్ధవ్యతిరేకి. దెబ్బలు లేకుండా కేసు తేలాలంటే ఆధారాలు సేకరించడం రావాలి, చట్టం తెలియాలి. ఆ బడి అవసరం అక్కడే పుట్టిందని నా నమ్మకం.

1916లో కాలిఫోర్నియా యూనివర్సిటీలో పోలీసులకు వేసవి కోర్సులు మొదలయ్యాయి. వోల్మర్ కాలేజీ కుర్రాళ్లను పోలీసు ఉద్యోగాల్లోకి తీసుకునేవాడు. 1921లో అలా చేరినవాడే ఓ.డబ్ల్యూ. విల్సన్. వోల్మర్ 1929లో షికాగో యూనివర్సిటీలో, ఆ తర్వాత బర్క్‌లీలో ప్రొఫెసర్ అయ్యాడు. విల్సన్ కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో పోలీసు చీఫ్‌గా చేసి పాఠాల్లోకి వచ్చాడు. 1950లో బర్క్‌లీలో ఏర్పడిన క్రిమినాలజీ (నేరశాస్త్రం) స్కూలుకి డీన్ అయ్యాడు. 1960లో షికాగో పోలీసులను నడపడానికి మళ్లీ యూనిఫాం వైపే వెళ్లాడు.

అసలు మలుపు 1968లో వచ్చింది. పోలీసులందరికీ డిగ్రీ ఉండడమే అంతిమ లక్ష్యం కావాలని అధ్యక్షుడు జాన్సన్ వేసిన కమిషన్ 1967లో చెప్పింది. మరుసటి ఏడాది వచ్చిన చట్టంతో పోలీసుల చదువుకి కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చింది. చదువుకోసం అప్పు తీసుకుని ఆ తర్వాత ఈ రంగంలో పనిచేస్తే, ఏడాదికి 25 శాతం చొప్పున మాఫీ. కాలేజీలు ఎగబడి కోర్సులు తెరిచాయి. పాఠం చెప్పేవాళ్లు చాలక రిటైరైన పోలీసులను తెచ్చుకున్నాయి. చాలాచోట్ల క్లాసు ‘మా రోజుల్లో ఓ కేసులో...’ అనే కబుర్లతో గడిచిపోయేది. అకాడమీలో నేర్పే డ్రిల్లు, ఫారాలు నింపడం లాంటివాటికీ క్రెడిట్లు ఇచ్చేశారు.

నేరశాస్త్ర నిపుణుడు లారెన్స్ షెర్మన్ నేతృత్వంలో 1978లో వచ్చిన నివేదిక దీన్ని ఎండగట్టింది. టీచరుగా తీసుకోవడానికి పోలీసు అనుభవాన్ని అర్హతగా పెట్టొద్దంది. ఆ మాట సరైందే. అయితే అర్హత కానంత మాత్రాన అనుభవం అక్కరలేనిదైపోదు. తెల్లవారుజామున భయపడిపోయిన సాక్షి స్టేట్‌మెంట్ రాసుకునేటప్పుడు, తన మాటలు అతని నోట్లో పెట్టకుండా ఎలా ఉండాలో చెప్పడానికి ఆ పని చేసినవాళ్లే కావాలి.

మన దగ్గర పోలీసులు ఎక్కువగా అకాడమీల్లోనే పాఠాలు చెబుతారు. 1948లో మౌంట్ అబూలో మొదలైన జాతీయ పోలీసు అకాడమీ 1975లో హైదరాబాద్‌కి వచ్చింది. యూనివర్సిటీ క్రిమినాలజీ విభాగాలు మాత్రం వేరే దారిలో నడిచాయి. 2022లో యూజీసీ ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పోస్టులకు మార్గదర్శకాలిచ్చింది. 15 ఏళ్ల అనుభవముంటే చాలు, డిగ్రీల పట్టింపు లేదు. కానీ ఆ అనుభవం సీనియర్ స్థాయిలో ఉంటే మేలని కూడా అందులో రాశారు. అలాగైతే ఐపీఎస్‌లకే పిలుపొస్తుంది. ఏళ్ల తరబడి పంచనామాలు, కేసు డైరీలు రాసిన ఎస్సైకి, హెడ్ కానిస్టేబుల్‌కి క్లాస్‌రూమ్ తలుపు ఇంకా తెరుచుకోలేదు.