గడ్డం, యూనిఫాం, ఒక క్రియాపదం

వాయుసేనలో గడ్డం సంగతి తేల్చేది 1964 నాటి రెగ్యులేషన్లలోని 425వ నిబంధన. గడ్డం ఉండకూడదని చెప్పి, (బి) భాగంలో ఒక సందు వదిలింది: జుట్టు కత్తిరించడాన్నో ముఖం గీసుకోవడాన్నో మతం ‘నిషేధిస్తే’ పెంచుకోవచ్చు, అయితే దాన్ని శుభ్రంగా ఉంచుకోవాలి. చిక్కంతా ఆ క్రియాపదంలోనే ఉంది. సిక్కులకు అది అతికినట్టు సరిపోతుంది. ముస్లింలలో గడ్డం తప్పనిసరి అనేవారున్నారు, ఉంటే మంచిది అనేవారూ ఉన్నారు.

2003 ఫిబ్రవరిలో వాయుసేన తన విధానాన్ని ఇంకా బిగించింది. 2002 జనవరి 1కి ముందు, చేరేనాటికే గడ్డం ఉన్న ముస్లింలు మాత్రమే దాన్ని ఉంచుకోవచ్చు. చేరాక పెంచినవారు తీసేయాలి. అనుమతి ఉన్నవారైనా మీసం లేకుండా గడ్డం ఒక్కటే ఉంచకూడదు. మీసం తీసి గడ్డం పెంచే ఆచారం చాలామందిలో ఉంది కాబట్టి, ఈ చివరి షరతు చిన్నదేమీ కాదు.

గడ్డం ఉంచుకోనివ్వాలన్న ఇద్దరు ముస్లిం వాయుసైనికుల అప్పీళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. వారిలో ఒకరిని 2008లోనే సర్వీసు నుంచి పంపేశారు. 2016 డిసెంబరు 15న ప్రధాన న్యాయమూర్తి టి.ఎస్. ఠాకూర్, డి.వై. చంద్రచూడ్, మన తెలుగువారైన లావు నాగేశ్వరరావుల ధర్మాసనం వాయుసేన పక్షానే తీర్పిచ్చింది. మీ మతం గడ్డం గీయడాన్ని నిషేధిస్తుందా అని ధర్మాసనం సూటిగా అడిగింది. దీనిపై రకరకాల అభిప్రాయాలున్నాయని, గడ్డం ఉండటం వాంఛనీయమన్నది వాటిలో ఒకటని వాయుసైనికుల న్యాయవాది చెప్పారు. వాంఛనీయం వేరు, నిషేధం వేరు. కేసు అక్కడే జారిపోయింది. సైనికుల ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించవచ్చని చెప్పే రాజ్యాంగంలోని 33వ అధికరణం ఎలాగూ వెనక ఉంది. విచిత్రమేమిటంటే, నౌకాదళంలో అనుమతి తీసుకుంటే ఏ మతం వారైనా గడ్డం పెంచుకోవచ్చు. అక్కడ మతం ప్రశ్నే రాదు.

పోలీసుల్లో కథ వేరు. ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోకపోవడమే ఎక్కువగా దెబ్బతీస్తుంది. 2020లో యూపీలోని బాగ్‌పత్‌లో ఒక ముస్లిం ఎస్సైని సస్పెండ్ చేసింది అనుమతి లేకుండా గడ్డం పెంచినందుకే. గడ్డం తీసేశాక ఉద్యోగంలోకి తీసుకున్నారు. అనుమతి లేనప్పుడు అభియోగం క్రమశిక్షణ కిందికి పోతుంది, విశ్వాసం గురించి వినే అవకాశమే చిక్కదు.

మదురైలో ఒక కానిస్టేబుల్ విషయంలో మాత్రం పాత కాగితం అక్కరకొచ్చింది. 2018లో మక్కా యాత్రకని 31 రోజులు సెలవు పెట్టిన అతనిపై, గడ్డంతో కనిపించాడని, సెలవు ముగిశాక విధుల్లో చేరలేదని రెండు అభియోగాలు మోపి మూడేళ్ల ఇంక్రిమెంటు ఆపారు. అప్పీలులో అది రెండేళ్లకు తగ్గింది. ముస్లిం పోలీసులు గడ్డం ఉంచుకోవచ్చన్న ఉత్తర్వు 1957 మద్రాసు పోలీసు గెజిట్‌లోనే ఉంది. దాన్ని ఎత్తిచూపుతూ 2024 జూలైలో మద్రాసు హైకోర్టు శిక్షను కొట్టేసి, ఎనిమిది వారాల్లో మళ్లీ నిర్ణయించమని కమిషనర్‌కు ఫైలు తిప్పి పంపింది.