బర్నౌట్, బద్ధకం ఒకటి కాదు: విద్యార్థుల విషయంలో అపోహలు - వాస్తవాలు

అపోహ: బర్నౌట్ అంటే బద్ధకమే.

వాస్తవం: బద్ధకస్తుడికి చదవలేదన్న బాధ ఉండదు. బర్నౌట్‌లో, అంటే ఎడతెగని ఒత్తిడికి ఒళ్లూ మనసూ అలసిపోయిన స్థితిలో ఉన్న విద్యార్థి మాత్రం పుస్తకం ముందు గంటలు కూర్చుంటాడు. ఒకే పేరా నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కదు. పడుకుని లేచినా తీరని అలసట, ఇష్టమైన సబ్జెక్టు మీదా విరక్తి, ‘నా వల్ల కాదు’ అన్న భావన... ఈ మూడూ కలిసి వారాల తరబడి ఉంటే అనుమానించాలి.

అపోహ: నాలుగు రోజులు సెలవు పెడితే సర్దుకుంటుంది.

వాస్తవం: ఒళ్లు తేరుకుంటుంది, పేరుకున్న సిలబస్ తరగదు. తిరిగొచ్చిన రెండోరోజే మళ్లీ మొదటికొస్తుంది. సెలవుతోపాటు బరువూ దించాలి. మిగిలిన పనులన్నీ కాగితం మీద రాసి మూడుగా విడదీయండి: ఈ వారమే చేయాల్సినవి, గడువు అడగదగ్గవి, వదిలేయదగ్గవి. మూడో గుంపు ఖాళీగా ఉందంటే ఇంకా వదులుకోవడానికి మనసొప్పలేదన్నమాట. మళ్లీ రాయండి.

అపోహ: నిద్ర తగ్గించుకుంటే వెనకబడింది అందుకోవచ్చు.

వాస్తవం: చదివింది గట్టిపడేదే నిద్రలో. టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటలు, పెద్దలకు కనీసం 7 గంటలు కావాలి.

అపోహ: ముందు ఆత్మవిశ్వాసం రావాలి, తర్వాత చదువు దానంతటదే సాగుతుంది.

వాస్తవం: జరిగేది ఇందుకు తలకిందులు. తన చేత్తో ఒక పని పూర్తిచేసిన అనుభవమే నమ్మకానికి అన్నిటికన్నా బలమైన ఆధారమని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే చెప్పారు. పొగడ్తల బలం దాని తర్వాతే. అందుకే సగం వచ్చిన పాఠంతో మొదలుపెట్టండి, కొరకరాని కొయ్యతో వద్దు. 20 నిమిషాలు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయండి. పుస్తకం తెరిచి సరైనవాటికి టిక్కు పెట్టండి, వదిలేసినవి వేరే రంగులో చేర్చండి. తేదీ వేసి దాచండి. ‘నాకేం రాదు’ అనిపించిన రాత్రి ఆ టిక్కులే జవాబు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: మూడోరోజు ఊపొచ్చిందని ఆరు గంటలు కూర్చుంటారు, ఐదోరోజు పుస్తకం ముట్టరు. 20 నిమిషాలు వరుసగా నాలుగు రోజులు నిలిచాకే 10 నిమిషాలు పెంచండి. ఒకరోజు తప్పితే మర్నాడు రెట్టింపు చేయొద్దు, అదే 20 చాలు.

అపోహ: ఎంతైనా మనంతట మనమే బయటపడాలి.

వాస్తవం: రెండు వారాలుగా దిగులు వీడకపోయినా, ఆటపాటల మీదా ఆసక్తి పోయినా, ఆకలీ నిద్రా మారినా అది డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకు చూపించాలి. చచ్చిపోవాలనిపిస్తోందని పిల్లలు అంటే రెండు వారాలు ఆగొద్దు. ఒంటరిగా వదలకుండా ఆరోజే వైద్య సహాయం అందేలా చూడండి.