సెన్సస్‌లో మా జేజి పేరు ఉంటుందా?

పోయిన నెల కదిరి పక్క పల్లె నుంచి డిగ్రీ చదివే అమ్మాయి ఒకామె వచ్చింది. "సార్, మా జేజి, అదే మా నాయనమ్మ, పుట్టినూరు కనుక్కోవాలి. పాత సెన్సస్ తీస్తే దొరుకుతుందంట కదా?" అంది. దస్తావేజులు రాసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు.

అపోహ: పాత జనాభా లెక్కల్లో మన పెద్దల పేర్లు ఇంటివారీగా ఉంటాయి.

వాస్తవం: అమెరికాలో ఉంటాయి. 72 ఏళ్లు దాటాక అక్కడ ఆ పట్టికలు బయటపెడతారు, 1950వి 2022లో ఇచ్చారు. ఆ వీడియోలు చూసి మనవాళ్లు ఆశపడతారు. మన దగ్గర 1881 నుంచి 2011 దాకా పదేళ్లకోసారి లెక్క తీశారు గానీ, అంకెలు కూడాక పేర్లున్న కాగితాలు దాచే ఆనవాయితీ లేదు. పైగా 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వాటిని చూపించమని అడిగే హక్కు ఎవరికీ లేదు. దొరికేవి అంకెలే. అవీ తక్కువేం కాదు: 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. అదంతా 1876లో, ధాత అనే తెలుగు సంవత్సరంలో, మొదలైన ధాత కరువు దెబ్బ.

అపోహ: "ధాతలో పుట్టింది" అంటే ఏడాది తేలిపోయినట్టే.

వాస్తవం: ఆ అమ్మాయి నోట్‌బుక్కులో "జేజి: ధాత, 1876" అని ఉంది. అదే నిజమైతే వాళ్ల నాయన పుట్టేనాటికి జేజికి తొంభై దాటుండాలి! తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. ధాత 1876లో వచ్చింది, 1936లో వచ్చింది, 1996లోనూ వచ్చింది. కరువు మాట విని పాప మొదటిది పట్టుకుంది.

బడి రిజిస్టర్లో పుట్టినతేదీ జులై 1 అని ఉంటే దాన్నీ నమ్మొద్దు. అసలు తేదీ తెలియక అయ్యవారు వేసిన తేదీ అయ్యుంటుంది.

అపోహ: కదిరి వాళ్ల పాత కాగితాలన్నీ అనంతపురం పేరుతోనే ఉంటాయి.

వాస్తవం: 1910 దాకా కదిరి తాలూకా కడప జిల్లాలో ఉండేది. 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లాలే మారాయి.

అపోహ: ఆడవాళ్లకు రికార్డు ఉండదు.

వాస్తవం: ఊరి పొలాల లెక్క రాసే అడంగల్లో కనబడకపోవచ్చు. కరణాల వ్యవస్థ 1984లో రద్దయ్యాక ఊళ్లలో చాలా దఫ్తరాలు చెదలపాలయ్యాయి కూడా. ఒక ఆఫీసులో నేను అడిగిన కట్ట విప్పితే మట్టే రాలింది. కానీ తండ్రి పసుపుకుంకుమ కింద కూతురికి చేను రాసిచ్చి రిజిస్టర్ చేయించి ఉంటే, అది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బుక్ 1లో, అంటే స్థిరాస్తి దస్తావేజుల పుస్తకంలో, ఉంటుంది. ఆ బుక్కు, దాని ఇండెక్సులు ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. పాతవాటికి ఆన్‌లైన్ ఈసీని (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) నమ్ముకోకుండా చేతిరాత ఇండెక్సే తిప్పాలి. తండ్రి ఇంటిపేరుతో ఒకసారి, మొగుడి ఇంటిపేరుతో ఇంకోసారి.

ఈ జేజికి దొరికింది. ఎకరా ఇరవై సెంట్లు. దస్తావేజులో తండ్రి పేరు, ఊరు సరే, నేను ముందు చూసేది చెక్కుబందీ, అంటే చేను నాలుగు హద్దుల వివరం. అన్నదమ్ములు పంచుకున్న చేలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి హద్దుల్లోనే బంధువులు బయటపడతారు. ఉత్తరం వంక, దక్షిణం బండిదారి. తూర్పున, పడమట అదే ఇంటిపేరున్న ఇద్దరు మగవాళ్లు. బహుశా జేజి చిన్నాయనలు, లేదంటే పెదనాయనలు.

అమ్మాయి నోట్‌బుక్కులో 1876 కొట్టేసి, ఆ ఇద్దరి పేర్లు రాసుకుంది. ఆ ఊరికి బస్సు ఎన్ని గంటలకని అడిగింది.